కిలోమీటరుకు జానెడు దిగుడు: కృష్ణా డెల్టాలో సైకిల్ వింతలు

సైకిల్ రికార్డులనగానే కొండలు గుర్తొస్తాయి. లద్దాఖ్‌లో ఫలానా కనుమ ఎక్కారని, ఆల్ప్స్ పర్వతాల్లో ఫలానా మలుపులు దాటారని పేపర్లు రాస్తాయి. కృష్ణా డెల్టాకి ఆ పోటీలో చోటు లేదు. మన నేలకున్న ఘనతలన్నీ తక్కువతనంలోనే ఉన్నాయి. ఎక్కుడు తక్కువ, దిగుడు తక్కువ, ఊరికీ ఊరికీ మధ్య దూరం తక్కువ. చైను ఊడితే తోసుకుంటూ పోవాల్సిన దూరం మరీ తక్కువ.

లెక్క చూడండి. ప్రకాశం బ్యారేజీ నిండుగా ఉన్నప్పుడు నీటిమట్టం సముద్రానికి 57.05 అడుగుల ఎత్తున ఉంటుంది. అంటే 17 మీటర్ల పైచిలుకు, ఐదంతస్తుల మేడంత. అక్కడినుంచి బందరు సుమారు 70 కిలోమీటర్లు. ఆ ఐదంతస్తుల మేడని అంత దూరానా పరిస్తే కిలోమీటరుకు పాతిక సెంటీమీటర్లు వస్తుంది. మన భాషలో చెప్పాలంటే జానెడు. ఈ వాలు కంటికి కనపడదు, కాలికి తెలియదు, నీటికి మాత్రం తెలుసు. డెల్టాలో 13 లక్షల ఎకరాలు పారేది ఈ జానెడు వాలు మీదే.

గట్టు మీద తాడు లాగిన దారి

1832–33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు సీమని డొక్కల కరువు పీల్చేసింది. నది పక్కనే పారుతున్నా పొలానికి నీరెక్కదు. ఆనకట్ట కట్టాలన్న మాట ఆ తరవాత ఇరవై ఏళ్లకి పనిలోకి వచ్చింది. ఆర్థర్ కాటన్ పథకం, కెప్టెన్ ఛార్లెస్ ఓర్ పర్యవేక్షణ. 1852లో మొదలుపెట్టి 1855కి బెజవాడ దగ్గర కృష్ణకి అడ్డుకట్ట వేశారు. దాదాపు వందేళ్లు నిలిచిన ఆ ఆనకట్టకి 1952లో గండి పడింది. దాని స్థానంలో 1957కి వచ్చింది ఇప్పటి బ్యారేజీ. 70 గేట్లు, 1,223 మీటర్ల పొడవు. సైకిల్ మీద దాటితే ఐదారు నిమిషాల పని. ఫొటోల కోసం ఆగితే అరగంట.

ఆనకట్ట నుంచి కాలువలు తవ్వింది పొలాలకి నీళ్లివ్వడానికే కాదు, పడవలు నడపడానికి కూడా. ధాన్యం, ఉప్పు, పెళ్లివారు, కోర్టు వాయిదాలకి వెళ్లేవారు, అందరూ పడవల్లోనే. తెరచాపకి గాలి అందనప్పుడు పడవవాళ్లు గట్టు మీదికి దిగి, తాడు భుజాన వేసుకుని లాగుతూ నడిచేవారు. నడవడానికి వీలుగా గట్టు ఉండాలి, అది నీటితోపాటే సమంగా సాగాలి. ఇవాళ మనం కాలువ గట్టు మీద సైకిల్ హాయిగా తొక్కుతున్నామంటే సర్వే అంతా అప్పుడే అయిపోయింది కాబట్టే. ఏ రోడ్డు ఇంజనీరూ ఇంత ఓపిగ్గా లెవెల్ చూసి ఉండడు.

ప్రపంచంలో ఇలాంటి పాత పడవదారుల్ని సైకిల్ బాటలుగా మార్చుకున్న దేశాలు చాలానే ఉన్నాయి. ఫ్రాన్సులో 1681లో పూర్తయిన కనాల్ డు మిడీ 240 కిలోమీటర్లు. అమెరికాలో వాషింగ్టన్ నుంచి కంబర్లాండ్ దాకా ఉన్న చెసపీక్ అండ్ ఒహాయో కాలువగట్టు 184.5 మైళ్లు, అంటే 297 కిలోమీటర్లు. కొత్తగా దూరాలు తొక్కేవాళ్లకి దాన్ని మించిన సులువైన దారి లేదని అక్కడివాళ్లు మురిసిపోతారు. ఆ దారి మొత్తం మీద ఎక్కుడు 605 అడుగులు. కిలోమీటరుకు లెక్కేస్తే 62 సెంటీమీటర్లు. మనది 25. వాళ్ల సులువులో సగం కూడా లేదన్నమాట మన కష్టం. అయితే వాళ్లు బాట వేసి, మైలురాళ్లు పాతి, రాత్రి పడుకోవడానికి గుడారాల స్థలాలు కూడా పెట్టుకున్నారు. మనకి గట్టు ఉంది, నీడనిచ్చే చెట్లున్నాయి, టీ బంకులున్నాయి. బోర్డు మాత్రం ఒక్కటీ లేదు.

మన దగ్గర అన్నిటికన్నా పొడుగు కావాలంటే ఏలూరు కాలువ చూడాలి. బెజవాడ నుంచి గోదావరి ఒడ్డున విజ్జేశ్వరం దాకా 139 కిలోమీటర్లు. ఒక కొసన కృష్ణ నీళ్లు, మరో కొసన గోదావరి నీళ్లు. రెండూ ఏలూరులో కలుస్తాయి. కృష్ణకి కుడిపక్క కొమ్మమూరు కాలువ 113 కిలోమీటర్లు నడిచి పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువకి పగ్గం అందిస్తుంది. కాకినాడలో పడవెక్కితే సముద్రంలోకి దిగకుండా మద్రాసు మీదుగా ఇంకా దక్షిణానికి పోగలిగిన కాలమొకటుండేది. 2008లో ఆ నీటిదారిని జాతీయ జలమార్గం 4గా ప్రకటించారు. జలమార్గం సంగతెలా ఉన్నా గట్టు మార్గం మాత్రం ఈ క్షణాన వాడకానికి సిద్ధం. గట్టంతా తారు లేదు, అదొక్కటే పట్టింపు. ఒకచోట సిమెంటు రోడ్డు, ఒకచోట గ్రావెలు, మరోచోట వట్టి నల్లరేగడి.

నల్లరేగడి గురించి ఒక మాట. ఎండలో అది రాయి. వాన పడితే మాత్రం టైరుకి పట్టుకుంటుంది. ముందు సన్నటి పొర, తరవాత దాని మీద గడ్డి, ఆ పైన ఇంకో పొర. పది గజాలు పోయేసరికి మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య ఖాళీ పూడిపోయి చక్రం తిరగడం మానేస్తుంది. పుల్లతో గీకడం తప్ప మందు లేదు. అందుకే ముసురు రోజున గట్టు దిగి ఊరి రోడ్డు పట్టాలి.

చివరి కొండ యనమలకుదురు

బెజవాడ చుట్టూ కొండలున్నాయి. ఇంద్రకీలాద్రి, గుణదల, అవతలి ఒడ్డున ఉండవల్లి, మంగళగిరి. నది వెంట కిందికి బయల్దేరితే చిట్టచివర తగిలే కొండ యనమలకుదురుది. పైన రామలింగేశ్వరస్వామి, శివరాత్రికి ప్రభలు. అది దాటాక సముద్రం దాకా నేల తల ఎత్తదు. అక్కడి నుంచే కరకట్ట.

నా మటుకు డెల్టాలో సైకిల్‌కి ఇంతకన్నా మంచి రోడ్డు లేదు. పెదపులిపాక, చోడవరం, తోట్లవల్లూరు మీదుగా శ్రీకాకుళం, పెదకళ్లేపల్లి, మోపిదేవి, అవనిగడ్డ. కుడిచేతి వైపు నది, లంక భూములు, అరటి, కంద, పసుపు, కూరగాయలు. ఎడమచేతి వైపు వరి. కట్ట ఎత్తు మీద ఉంటాం కాబట్టి రెండు వైపులా కిందికి చూస్తూ పోవచ్చు. డెల్టాలో ఎక్కగలిగిన శిఖరం ఇదొక్కటే. ఇసుక లారీలు తిరిగే రోజుల్లో మాత్రం తొలి ఇరవై కిలోమీటర్లు చెవులు రిక్కించి తొక్కాలి. బందరు రోడ్డు, అంటే జాతీయ రహదారి 65, దీనికి సమాంతరంగానే పోతుంది. అది బస్సులకి, కార్లకి. సైకిల్‌తో అటు పోయినవాడికి దుమ్ము, హారన్లు తప్ప వేరే దృశ్యం లేదు.

ఈ కరకట్ట ఎందుకింత ఎత్తో 2024 సెప్టెంబరు మొదట్లో మళ్లీ అందరికీ తెలిసొచ్చింది. బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు. 2009 అక్టోబరులో వచ్చిన సుమారు 11.10 లక్షల రికార్డు చెరిగిపోయింది. సెకనుకు 3 కోట్ల 23 లక్షల లీటర్లు. బ్యారేజీ వెనక నిలవ ఉండే నీరు మూడు టీఎంసీల పైచిలుకు. ఆ వరద వేగానికి ఖాళీ రిజర్వాయరు నిండడానికి 45 నిమిషాలు చాలు. పైనుంచి కొట్టుకొచ్చిన పడవలు గేట్ల దగ్గర కౌంటర్ వెయిట్లని గుద్దాయి. లంక ఊళ్లు మునిగాయి. అదే వారంలో బుడమేరు బెజవాడ మీద పడింది. సైకిల్‌వాడికి నేల చదును ఒక వరమైతే, వరదకీ అది వరమే.

తొక్కడానికి ముందే ఊరొస్తుంది

పేరున్న ఊళ్లు దగ్గరదగ్గరగా ఉండడంలో పోటీ పెడితే మొవ్వ, ఘంటసాల పరిసరాలకి బహుమతి ఖాయం. పామర్రు దగ్గర బందరు రోడ్డు వదిలేస్తే కాసేపటికే కూచిపూడి. సిద్ధేంద్రయోగి నాట్యాన్ని తీర్చిదిద్దిన ఊరు, తానీషా అగ్రహారంగా ఇచ్చాడని చెప్పుకునే ఊరు. 2016 డిసెంబరులో బెజవాడలో 6,117 మంది ఒకేసారి కూచిపూడి ఆడి గిన్నిస్ కెక్కారు. ఆ మూలగ్రామం మాత్రం సైకిల్ మీద పావుగంటలో చుట్టెయ్యొచ్చు. పక్కనే మొవ్వ, క్షేత్రయ్య పదాల్లోని మువ్వగోపాలుడి ఊరు. అటుపక్క భట్లపెనుమర్రు, పింగళి వెంకయ్య పుట్టిన ఊరు. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాల్లో గాంధీ చేతికి జెండా నమూనా ఇచ్చిన మనిషి ఈయనే. పత్తి వంగడాల మీదా వజ్రాల మీదా పరిశోధనలు చేసి, పత్తి వెంకయ్య, డైమండ్ వెంకయ్య అని పేర్లు తెచ్చుకున్నదీ ఈయనే.

ఘంటసాలకి రండి. రెండో శతాబ్దపు టాలెమీ తన భూగోళ గ్రంథంలో రాసిన కొంటకొస్సిల రేవు ఇదేనని పండితుల మాట. అక్కడొక బౌద్ధ స్తూపం దిబ్బ ఉంది. నదివైపు దిగితే శ్రీకాకుళం. ఉత్తరాంధ్రలో ఉన్న జిల్లా కేంద్రం కాదిది. ఆంధ్రమహావిష్ణువు కృష్ణదేవరాయలకి కలలో కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నది, ఆముక్తమాల్యద పుట్టింది ఇక్కడే. ఇంకొంచెం కిందికి పెదకళ్లేపల్లి, 1936లో వేటూరి సుందరరామమూర్తి పుట్టిన ఊరు. ఒక్క పూటలో ఇన్ని పేర్లు తగిలే దారి మన రాష్ట్రంలో మరోటి ఉంటే చెప్పండి, అదీ తొక్కుదాం.

ఈ మధ్యలో చల్లపల్లి ఒక ప్రత్యేకం. 2014 నవంబరు నుంచి అక్కడ స్వచ్ఛంద కార్యకర్తలు తెల్లవారుజామున లేచి చీపుర్లు, పారలు పట్టుకుని రోడ్లు ఊడుస్తున్నారు, మొక్కలు నాటుతున్నారు. ఊళ్లోకి వచ్చే రోడ్ల పక్కన పూలచెట్లు. పల్లెటూరి పొలిమేరల్లో సాధారణంగా ముక్కు మూసుకుని పెడల్ వేగంగా తొక్కే చోటుంటుంది. చల్లపల్లి పొలిమేరలో నెమ్మదిస్తాం.

నవంబరు, డిసెంబరుల్లో వస్తే ఇంకో వింత చూడొచ్చు. కోతకి ముందు, వరి ఇంకా నిలబడి ఉండగానే, తడి ఆరని చేలో మినుములు చల్లుతారు. వరి కోసేసరికి మోళ్ల మధ్యనించి మినుము మొలక రెండాకులేసుకుని ఉంటుంది. మళ్లీ దున్నడం లేదు, నీరు పెట్టడం లేదు. రాత్రి మంచూ, నేలలో మిగిలిన పదునూ చాలు. కోసిన ధాన్యం మాత్రం రోడ్డెక్కుతుంది. సగం రోడ్డు పొడుగునా బరకాలు, వాటి మీద పసుపుపచ్చటి ధాన్యం, అంచున వరసగా రాళ్లు, తాటిదుంగలు. ఒక మనిషి కాళ్లతో గీతలు గీస్తూ ధాన్యం తిరగేస్తుంటాడు. మోటారు బండ్లకి ఇది అడ్డంకి. సైకిల్‌కి మిగిలిన సగం రోడ్డు ఎక్కువే. బరకం మీద చక్రం ఎక్కించకండి, అంతే. ఆగితే పలకరింపు తప్పదు: “ఎక్కడినుంచి బాబూ?” బెజవాడ నుంచి అంటే రెండో ప్రశ్న, “ఏం, బస్సులు లేవా?”

బందరు కాలువ చివర సూర్యగ్రహణం

బందరు దారిలో అన్నిటికన్నా దూరం వెళ్లిన చూపు 1868 ఆగస్టు 18న పడింది. ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం. మద్రాసు వేధశాల నుంచి నార్మన్ పాగ్సన్ బందరులో దుర్బిణి పెట్టాడు. ఫ్రాన్సు నుంచి వచ్చిన పియర్ జాన్సెన్ గుంటూరులో. డెల్టాకి ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు. సూర్యుడి అంచు వెలుగులో కనిపించిన పసుపు గీత తరవాత హీలియం అనే కొత్త మూలకంగా తేలింది. భూమ్మీద అది దొరకడానికి 1895 దాకా పట్టింది.

బందరుకి సైకిల్ మీద చేరేవాళ్లు గుడివాడ మీదుగా రావడం మేలు. పెడన తగులుతుంది. అక్కడ కలంకారీ అచ్చులు వేసిన బట్టని పారే కాలువలోనే ఉతుకుతారు. కాలువలో నీరు లేని నెలల్లో వాళ్లకి పెద్ద చిక్కే. 1611లో ఇంగ్లీషు కంపెనీవాళ్లు బందరులో దిగింది ఈ బట్ట కోసమే. 1923లో పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకు పెట్టింది ఈ ఊళ్లోనే. లడ్డూ సంగతి నేను చెప్పక్కర్లేదు. అరవై డెబ్బై కిలోమీటర్లు తొక్కి వచ్చినవాడు రెండు తిన్నా తప్పు లేదు.

ఇక్కడ గాలే కొండ

కొండలు లేని దేశాల్లో కష్టమంతా గాలి రూపంలో వస్తుంది. నెదర్లాండ్స్‌లో జనం కన్నా సైకిళ్లు ఎక్కువ. వాళ్ల ప్రధాన భూభాగంలో అన్నిటికన్నా ఎత్తైన చోటు 322 మీటర్లు. ఎక్కడానికి ఏమీ లేక 2013 నుంచి వాళ్లొక పోటీ పెట్టుకున్నారు. పెనుగాలి వీచే రోజు చూసి, ఉన్నపళంగా కబురు పెట్టి, ఊస్టర్‌స్కెల్డె సముద్రపు అడ్డుకట్ట మీద ఎదురుగాలికి 8.5 కిలోమీటర్లు తొక్కిస్తారు. గేర్లుండవు, అందరికీ ఒకే రకం మామూలు సైకిళ్లు. కొందరు దాదాపు నిలబడిపోతారు.

అదే చదును మీద ఎంత దూరం తొక్కొచ్చో అమెరికాలో అమాండా కోకర్ చూపించింది. ఫ్లోరిడాలో ఫ్లాట్‌వుడ్స్ పార్కు అనే చోట 11 కిలోమీటర్ల చదునైన బాట ఉంది. 2016 మే నుంచి ఏడాది పాటు ఎక్కువగా దాని చుట్టూనే తిరిగి 86,573 మైళ్లు తొక్కింది. 1939లో ఇంగ్లండుకి చెందిన టామీ గాడ్విన్ తొక్కిన 75,065 మైళ్లు డెబ్బై ఆరేళ్లు నిలిచాయి. 2016 జనవరిలో ఒకరు దాన్ని కొద్దిగా దాటితే, ఈమె ఏకంగా పది వేల మైళ్లు పైకి తీసుకెళ్లింది. సగటున రోజుకి 381 కిలోమీటర్లు. బెజవాడ నుంచి హైదరాబాదు వెళ్లి, మళ్లీ వంద కిలోమీటర్లు వెనక్కి వచ్చినట్టు. అదీ ప్రతిరోజూ. దానికి ఓర్పు కావాలి, సరే. పక్కన ఎవరో అన్నం వేళకి అందించాలి కూడా.

మనకి ఆ గొడవ వద్దు గానీ గాలి లెక్క మాత్రం కావాలి. పొద్దున్నే గాలి పలచగా ఉంటుంది. నేల వేడెక్కాక, మధ్యాహ్నానికి పైరగాలి సముద్రం మీదినుంచి లేస్తుంది. తెల్లారకముందే బెజవాడలో బయల్దేరి నదివెంట కిందికి పోయి, మధ్యాహ్నం భోజనం చేసి, ఎండ తగ్గాక వెనక్కి తిరిగితే గాలే తోసుకొస్తుంది. తలకిందులుగా ప్లాను వేసుకున్నవాడికి జానెడు వాలు కూడా కనికరం చూపదు. కాలం విషయంలో బేరం లేదు: నవంబరు నుంచి ఫిబ్రవరి. మార్చి దాటితే తొమ్మిదింటికే హ్యాండిల్ పట్టుకోలేం. మే నెలలో తాటిముంజల కోసం వస్తానంటే బస్సెక్కి రండి.

ఏరు మీద ఏరు

అవనిగడ్డ పక్కన పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలవుతుంది. మధ్యలో దివిసీమ. ఆ సీమకి నీళ్లెలా అందాలి? బ్రిటిష్ కాలంలో అక్విడెక్టు కట్టారు. కింద నది పాయ, దాని పైన కాలువ. సైకిల్ ఆపి చూడాల్సిన వాటిలో మొదటిది ఇదే.

ఆ దిగువన నాగాయలంక, కోడూరు, హంసలదీవి. నేల ఎంత చదునంటే 1977 నవంబరు 19న ఉప్పెన కిలోమీటర్ల కొద్దీ లోపలికి నడిచొచ్చింది. పదివేల మందికి పైగా పోయారు. సొర్లగొంది లాంటి ఊళ్లు నేలమట్టమయ్యాయి. ఇప్పుడు దారి పక్కన కనిపించే తుఫాను షెల్టర్లని సైకిల్‌వాళ్లు నీడ కోసం వాడుకుంటారు. వాటిని ఎందుకు కట్టారో తెలిసి వాడుకుంటే మంచిది. చివరికంటా వెళ్లాలంటే ఏటిమొగ దగ్గర పంటు ఎక్కి ఎదురుమొండి దీవికి దాటాలి. మనుషులు, మోటారు సైకిళ్లు, పాలక్యాన్లు అన్నీ దాని మీదే. అవతల మడ అడవులు, బావురుపిల్లులు తిరిగే నేల. శీతాకాలం చివర తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి.

వచ్చిన దారినే తిరిగి రావాలని లేదు. పులిగడ్డ, పెనుమూడి వంతెన దాటితే రేపల్లె. అటునుంచి కుడి కరకట్ట, భట్టిప్రోలు, కొల్లూరు, కొల్లిపర, సీతానగరం, మళ్లీ బ్యారేజీ. తీరిగ్గా రెండు రోజుల చుట్టు. భట్టిప్రోలులో 1892లో అలెగ్జాండర్ రే తవ్విన స్తూపంలో ధాతు కరండాలు దొరికాయి. వాటి మీద కుబేరకుడనే రాజు పేరు, దేశంలో మరెక్కడా లేని తరహా బ్రాహ్మీ అక్షరాలు. దక్షిణాదిలో అతి పాత రాతల్లో అవీ ఉన్నాయి. కొల్లూరు పేరు చూసి కోహినూరు వెతక్కండి. వజ్రాల కొల్లూరు ఎగువన పల్నాడులో ఉంది, పులిచింతల నీళ్ల కింద మునిగింది. ఈ కొల్లూరులో అరటిగెలలు దొరుకుతాయి.

కాళ్లు నొప్పెడితే రేపల్లెలోనే ఆగిపోవచ్చు. తెనాలికి రైలుంది. సైకిల్‌ని లగేజీ వ్యానులో వేయాలంటే పార్శిల్ చీటీ రాయించాలి కాబట్టి రైలు వేళ కన్నా ముందు ఆ కౌంటరు వేళ కనుక్కోండి. తెనాలి మూడు కాలువల ఊరు, అక్కడ దిగాక గట్టు మళ్లీ మొదలవుతుంది.